మాజీ మంత్రికి కప్పిన శాలువా

గల్ఫ్ దేశంలోని రుసైల్‌లో డ్యూటీ దిగిన ఇద్దరు కంపెనీ రూమ్ మెట్ల మీద కూర్చున్నారు. పెద్దవాడి తమ్ముడు సైట్‌లో పడి చనిపోయాడు. ఊరికి పంపే కాగితాల మీద కంపెనీ సంతకం పెట్టక శవం ఇంకా ఆసుపత్రిలోనే ఉంది.

“ఆ ఆస్ట్రేలియా సారును కలిసినవా అన్నా?”

“కలిసిన. శాలువా గూడ కప్పిన.”

“శాలువనా? ఆయన ఈడ మన కంపెనీకి సలహాలు చెప్పెటోడు గదనే.”

“ఆడ ఒక రాష్ట్రానికి కార్మిక మంత్రి చేసిండట. తర్వాత ఓడిపోయి ఈ కొలువుకు వచ్చిండు. మన దిక్కు మాజీ మంత్రయినా ఒక్క ఫోన్ గొడితే పనైతది గద.”

“మరి కొట్టిండా?”

“తమ్ముని ఫొటో చూసి కండ్లల్ల నీళ్లు తెచ్చుకున్నడు. ఫోన్ చేతుల వట్టిండు.”

“గట్లయితే పనైనట్టే తియ్యి.”

“ఏడిదిరా. అంతల్నే కంపెనీ ఓనరు, అర్బాబ్, లోపలికొచ్చిండు. నాకంటె ముందు ఆ సారే లేచి నిలవడ్డడు.”