డ్రైవ్ చెల్లిది, పట్ అక్కది

గిన్నె మూతంత డిస్కును చెట్ల మధ్య నుంచి విసిరి, చివరికి గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో పడేయాలి. దూరపు విసురు డ్రైవ్, బుట్ట దగ్గరి విసురు పట్. డిస్క్ గోల్ఫ్ అంటే ఇంతే. ఈ కాస్త ఆట కోసం అక్కాచెల్లెళ్లిద్దరూ ఇంట్లో నిజమైన గిన్నె మూతలు కూడా విసిరి తిట్లు తిన్నవాళ్లే. ఇప్పుడు చెల్లెలు, అక్క ముద్దుగా పిలిచే బొంగరం, జట్టు ఎంపిక ఆట ముగించుకుని వచ్చి, అక్కతో కలిసి కారు డిక్కీ దగ్గర నిలబడింది.

"గాలి అక్కా, గాలి. సరిగ్గా నేను వేసే టైముకే..."

"ఏ గాలి? చెట్టు మీద ఆకు కదల్లేదు."

"నీకు కనపడలేదు. బుట్ట దగ్గర సుడి తిరిగింది."

"బుట్ట నీ ముక్కు ముందుంది బొంగరం! ఇంకో రెండడుగులేస్తే గొలుసు చేతికి తగులుతుంది. అమ్మ కళ్లజోడు తీసేసి వేసినా పడేది."

"అమ్మని మధ్యలోకి లాగకు."

"సరే, లాగను. ఆ సంచీ ఇటివ్వు, డిక్కీలో పెడతా."

"వద్దొద్దు, బరువు. నీ భుజం..."

"ఈ చేత్తో పెడతాలే. ఇవ్వు."

"ఈ ఆటే అంతక్కా. డ్రైవ్ కుదిరిన రోజు పట్ చేతికి రాదు. పట్ పడ్డ రోజు డ్రైవ్ పోయి చెట్టెక్కి కూర్చుంటుంది. రెండూ ఒకే రోజు కుదిరినవాళ్లెవరో చూపించు."

"మొన్న మన పెరటి బుట్టలో నీకు పట్ కుదిరింది."

"పెరట్లోనా? ఎప్పుడు?"

"పొద్దున్నే. నేనింకా లేవలేదనుకున్నావు. వంటింట్లో పాలు కాస్తున్నా. బయట గొలుసులు గలగల, గలగల... ఆగితే ఒట్టు. వింటూ నిలబడిపోయా, పాలన్నీ పొంగిపోయాయి."

"ఆ పాలకేనా అమ్మ నన్ను తిట్టింది?"

"మాట మార్చకు. నేను తలుపు తీసుకుని బయటికొచ్చా. ఆ తర్వాత ఒక్కటంటే ఒక్కటి పడిందా?"

"నువ్వు చూస్తుంటే చెయ్యి వణుకుతుంది."

"డ్రైవ్ కొట్టేటప్పుడూ చూస్తూనే ఉంటా కదా. అప్పుడు వణకదేం?"

"అప్పుడు... అది వేరు."

"ఏం వేరు?"

"వేరంటే వేరు. కారు తాళాలేవి? ఎండ మాడ్చేస్తోంది, పోదాం పద."

"తాళాలు నా దగ్గరే ఉన్నాయి, ఇవ్వను. కోచ్ గారు ఇంకా వెళ్లలేదు. అదుగో, ఆ రేకుల కింద కూర్చుని టీ తాగుతున్నారు. 'మీ చెల్లెలి డ్రైవ్ లాంటిది ఈ మధ్య నేను చూళ్లేదమ్మా, పట్ మాత్రం ఎందుకలా పోతోంది? నేను వెళ్లేలోపు ఇంకోసారి వేయమనండి, చూస్తాను' అన్నారు. జట్టులో ఒక్క చోటే మిగిలిందట."

"నాకొద్దు."

"ఏం వద్దు? ఆ జట్టు చొక్కా కోసం చిన్నప్పట్నుంచీ పడి చచ్చావు కదే!"

"వద్దంటే వద్దు. మనిద్దరం జోడీగా ఆడుకుంటున్నాం, బానే ఉంది. దూరం నేను విసురుతా, దగ్గర నువ్వు వేస్తావు. ఎవరికేం నష్టం?"

"కావాలనే పోగొడుతున్నావు."

"లేదు."

"నా మొహం చూసి చెప్పు."

"లేదన్నానా... అక్కా, తాళాలివ్వు."

"కావాలనేనా, కాదా?"

"అవును! కావాలనే! చాలా? నాకు పట్ కూడా వచ్చేసిందంటే ఇంక జోడీ ఎందుకు? నన్ను జట్టులోకి లాక్కుపోతారు. నువ్వెవరితో ఆడతావు? దూరం విసరలేని మనిషిని ఎవరు పక్కన పెట్టుకుంటారు?"

"నా సంగతి నేను చూసుకుంటా."

"ఏం చూసుకుంటావు? జుట్టు ముడేసుకోడానికి నన్ను పిలుస్తావు. ఆ పైఅరలో డబ్బా అందక, స్టూలెక్కి ఏడ్చావు. నేను చూశా."

"ఏడవలేదు. కళ్లలో దుమ్ము పడింది."

"రెండు కళ్లలోనూనా? అక్కా, నువ్వు డ్రైవ్ కొడుతుంటే పక్కవాళ్లు వాళ్ల ఆట ఆపేసి చూసేవాళ్లు. ఆ రోజు స్కూటర్ నడిపింది నేను. ఫోన్ మోగిందని జేబు వైపు చూసింది నేను. నాకేమో చిన్న గీత కూడా పడలేదు. నువ్వెళ్లి ఆ భుజమ్మీదే పడ్డావు. నీ చెయ్యి తీసేసుకున్నా. ఇప్పుడు నిన్ను వదిలేసి ఆ చొక్కా కూడా వేసుకోమంటావా?"

"భుజం సంగతి వదిలేయ్."

"ఎప్పుడూ ఇంతే. ఆ మాట ఎత్తితే చాలు, వదిలేయ్ అంటావు. అమ్మ తిట్టిపోసింది. నాన్న ఎన్నాళ్లు మాట్లాడలేదో నీకు తెలుసు. నువ్వొక్కదానివే ఒక్క మాట అనలేదు. నువ్వు తిట్టుంటే నాకు కాస్త బావుండేది."

"తిట్టే మొహం నాకు లేదు."

"అంటే?"

"ఏం లేదు. వెళ్లి ఆ ఒక్క పట్ వేసి రా."

"తిట్టు, వెళ్తా."

"బొంగరం, నీకు దణ్ణం పెడతా. కోచ్ గారు లేస్తున్నారు."

"లేవనీ."

"నువ్వు నా జుట్టు ముడేస్తుంటే నాకెలా ఉంటుందో తెలుసా? అద్దంలో నీ మొహం చూడలేను. తల దించుకుంటా. నువ్వేమో నొప్పేమో అనుకుని మెల్లిగా దువ్వుతావు."

"నువ్వెందుకు తల దించుకోవడం? చేసింది నేనైతే?"

"ఆ రోజు స్కూటర్ మీద మనమెక్కడికి బయల్దేరాం?"

"ఇప్పుడదెందుకు?"

"చెప్పు."

"డాక్టర్ దగ్గరికి. నీకు కడుపునొప్పన్నావు. అమ్మకి చెప్పొద్దన్నావు. దార్లోనే పడ్డాం కదా."

"నా బండి నేనెప్పుడైనా ఇంకొకళ్లకిచ్చానా?"

"ముట్టుకోనిచ్చేదానివి కాదు."

"మరి ఆ రోజు తాళాలు నీకెందుకిచ్చాను?"

"కడుపునొప్పితో నడపలేక... కాదా?"

"కడుపు కాదే. అమ్మా నాన్నా మానుకోమన్నా వినకుండా డ్రైవ్‌లు విసిరి విసిరి మనం పడకముందే భుజం నేనే చింపుకున్నా. అందరూ నిన్నంటుంటే, అమ్మానాన్నల ముందు ఒప్పుకోలేక నోరు మూసుకుని కూర్చున్నా. ఆ రోజు నిన్ను నడపమన్నది, హ్యాండిల్ దాకా నాకు చెయ్యి లేవకనే."