ఇటు అందని కబూల్

హలో… ఆఁ, కౌసర్‌నే. ఎవరండీ?

బాషా గారా!… ఇవాళ పెగిలిందా మీ నోరు?

…ఆగండి. ముందు నేను చెప్పేది వినండి. నిన్న మన నిఖాకి సౌదీలో దమ్మాం నుంచి ఫోన్ చేసింది మీరే కదా? మోగింది, ఎత్తారు, స్పీకర్లో పెట్టారు. నేను పరదా వెనక కబూలన్నాను, ఒప్పుకున్నానని. తర్వాత ఖాజీ గారు మిమ్మల్ని అడిగారు. ఒకసారి కాదు, మూడుసార్లు! కనిగిరిలో మా వాళ్ళంతా చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. మీరు ఉలకలేదు, పలకలేదు—

ఏంటీ?… అన్నారా?

…చాల్లెండి. ఇప్పుడెన్నైనా చెప్తారు…

వద్దు, మీ అమ్మ మీద ఒట్టేయకండి.

…

ఒక్క నిమిషం ఉండండి… షబ్బీరన్నా! ఇట్రా ఒకసారి. బాషా గారు, లాండ్‌లైన్లో. నిన్న కబూలన్నారంట అన్నా, అరిచి మరీ అన్నారంట… నీ ఇంటర్నెట్ ఫోన్ పెట్టె చూడు నువ్వు. ఊరికే నిలబడతావేంటి, చూడు!

ఆఁ… ఉన్నాను. చూస్తున్నాడు. ముందు గది అన్నయ్య నెట్ సెంటరే కదా, నిఖా అక్కడే పెట్టుకున్నాం…

ఏమైందన్నా?… అడ్రసు మారిందా? ఎవరి అడ్రసు? నాకర్థమయ్యేట్టు చెప్పు.

…

బాషా గారూ… అన్నయ్య ఏడుస్తున్నాడండీ.

ఆ రూటరుంది కదా, కరెంటు పోయి వచ్చాక తనకు తగిలించినవాటికి మళ్ళీ అడ్రసులు పంచుతుందంట. ఏది ముందు లేస్తే దానికి ముందు. నిన్న మైకు సెట్టువాళ్ళు మెయిన్ ఆపారు. మళ్ళీ వేసేసరికి మీ ఫోనొచ్చే ఇక్కడి పెట్టె అడ్రసు మూలనున్న కంప్యూటర్‌కి పోయింది. పెట్టెకు ఇంకోటొచ్చింది. మీ గొంతును రూటరేమో ఆ పాత అడ్రసుకే పంపింది… మనం ఇల్లు మారినా పోస్ట్‌మన్ పాత వాకిట్లోనే ఉత్తరం పడేసిపోయినట్టు.

…నిన్న పొద్దున బాగానే మాట్లాడుకున్నాం కదండీ! లైటు వెలుగుతోంది, ఫోన్ మోగింది. ఎవరికి తోస్తుంది చెప్పండి? అన్నయ్య ‘ఫోన్ చెడిందేమో’ అంటూనే ఉన్నాడు, నాన్న నోరు ముయ్యమన్నాడు…

మరి ఈ లాండ్‌లైన్‌కి ఎందుకు చేయలేదూ?…

పక్కవాళ్ళ ఫోన్ నుంచి చేశారా! అయ్యో… నిఖా మధ్యలో మోగుతుందని నాన్నే రిసీవరు తీసి పక్కన పెట్టాడండీ.

…

వస్తారా? ఇప్పుడొచ్చి ఏం చేస్తారు?

వద్దు… ఎలా చెప్పను మీకు… పెదనాన్న అన్నాడు, అక్కడెవర్నో చూసుకుని ఉంటాడు, అందుకే నోరు రావట్లేదని. నాన్న తలెత్తలేకపోయాడు. మేనత్త కొడుకు, మీరా హుస్సేన్ బావ, బిర్యానీ దేగిశా దగ్గర ఉంటే చేతులు కడిగించి తీసుకొచ్చి మీ చోట కూర్చోబెట్టారు. బాషా గారూ, నిన్ననే నాకు—

తెలుసా?… ఎవరు చెప్పారు?

…ఎవరూ చెప్పకపోతే మరి ఎలా…

అన్నా… ఇక్కడి మాట అటు పోయిందా?… పోతుందంట.

అంతా విన్నారా మీరు?

పరదా ఆ ఫోన్ పక్కనే కదా… ఖాజీ గారు రెండోసారి నన్నడిగింది కూడానా?

…కట్ చేయకపోయారా! ఎందుకు విన్నారండీ అదంతా?…

కాదంటాననుకున్నారా? చివరిదాకా?…

అయ్యో అల్లా…

…కోపమొచ్చింది బాషా గారూ. పదిమందిలో నన్నొద్దన్నారని. లైన్లో ఉన్నారో, పెట్టేశారో తెలీదు…

ఆఁ, అవును. పెళ్ళికూతుళ్ళు కబూలని అంత గట్టిగా అనరు. అత్తయ్య కూడా మెల్లగా అనమని గిల్లింది.

ఏడవకండి… బావ తప్పేం లేదు, మంచివాడు. వాళ్ళ ఊరు దాచేపల్లికి జీపు సిద్ధం చేశాడు, బయట నిలబడ్డాడు…

వస్తున్నానని చెప్పన్నా.

…ఎందుకంత గట్టిగానా?

మీరుంటే మీకు వినబడాలని.

…

పెట్టేస్తున్నానండీ.