నెమలిశిఖను పొయ్యిలో పెట్టిన ఆడబిడ్డ

“అవ్వా, మా అత్తోళ్ల ఇంటెనక ఎండ పడని జాగా ఉంది. ఏం పెట్టినా సస్తాంది. ఏం మొక్క పెట్టాల?”

నెమలిశిఖ పెట్టు పాపా. ఇంగేమీ వద్దు. ఆ పేరు ఎత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతాది, అయినా సెప్తా, కూర్చో.

పువ్వు పూయదు, కాయ కాయదు. బండసందులో పుడతాది, జానెడన్నా పెరగదు. ఆకు మాత్రం అచ్చం నెమలి పురి విప్పినట్టే. ఎండాకాలం వచ్చిందా, పిడికిలి మాదిరి ముడుచుకొని సచ్చినట్టు పడుంటాది. నమ్మినావంటే మోసపోతావు. వాన పడిందంటే పచ్చగా లేసి కూర్చుంటాది. బావి గోడల్లో నల్లకాడది ఇంకొకటి ఉంటాది గదా, అది ఒట్టి సొగసుకత్తె. తడి ఆరితే అలిగి సస్తాది. మన ఎండకు అది ఆగదు.

నేను ఆదోనికి కాపురానికి వచ్చింది డెబ్బైలలో, కరువు కాలం. మీ తాతకు పత్తి మిల్లులో పని. ఆ ఇంట్లో నాదనేది ఏముండె? చెంబు అత్తది, మంచం మామది, మొగుడా, ఆయన వాళ్లక్క సొత్తు. ఇంటెనక రెండు గోడల నడమ, సూర్యుడు పుట్టినప్పటి నుంచి తొంగిచూడని సందు ఒకటి ఉండె, ఎవరికీ అక్కర్లేదు. అది నాదనుకున్నా. రాళ్లు మోసినా. సగం కొండ నా నెత్తిమీదే దిగింది, పోయి చూడు, ఈ పక్క కొండ కుంగుంటాది. రాళ్లు పేర్చి, పాతగోడ నుంచి రాలిన సున్నపు గచ్చుపొడి మట్టిలో కలిపి సందుల్లో కూరినా. మొక్కను ఎంచుకునేది కూడా తెలియాల. ముదురుది పీకితే వేరు తెగుతాది. చిన్న పిలక, రాతి పెచ్చు ఊడొస్తే పెచ్చుతో సహా తేవాల. నీళ్లు కుమ్మరించొద్దు, చిలకరించాల.

ఆ యేడు శ్రావణం వచ్చినా చినుకు లేదు, నా నెమలిశిఖలు ముడుచుకొని ఎండుగడ్డి మాదిరే పడుండె. ఉరుకుంద ఈరన్న జాతరకని మా ఆడబిడ్డ, అదే మీ తాత అక్క, ఎమ్మిగనూరు నుంచి ముందురోజే దిగింది. ఆమె ఆడ దగ్గితే ఈడ మా గిన్నెలు బోర్లా పడేవి. తెల్లారి నేను కొళాయికాడికి పోయినా. వచ్చేసరికి నీళ్లు కాగే హండా కింద మంట భగభగ. నా రాళ్లు బోడి!

“ఏంది వదినా ఇది?” అంటే, తలకు పోసుకుంటా అంటాది గదా, “దేవునికాడికి పోయేటప్పుడు ఇంట్లో ఎండుగడ్డి ఏందమ్మే, దరిద్రం! పొయ్యిలోకన్నా పనికొచ్చింది.”

మీ తాతేమో, “పోనీలేవే, గడ్డేగదా!”

ఆమెకంటే ఆయన మీద మండింది నాకు. ఆమెకు తెలీదు, సరే. ఈయన ప్రతి వానకూ అది విప్పుకునేది బీడీ తాగుతా చూసినోడే! “నా మొక్కల మంటతో కాగిన నీళ్లు పోసుకొని ఏ మొగంతో దండం పెడతారు? పోండి, నేను రాను” అని అరిచినా. ఆ అరుపుకు మిల్లు సైరను ఆ పొద్దు కూయలేదు పాపా, ఒట్టు!

వాళ్లు పోయినారు. నేను అన్నం వండలే. రాళ్లకాడ కూలబడి సందుల్లో వేలుపెట్టి తడిమినా. ఆకు పీకింది గానీ, వేరు రాతిని ఇడిచిపెట్టలే. నేను తాగే చెంబు నీళ్లే రోజూ చిలకరించుకుంటా కాసుకున్నా. తర్వాత వానలు పడినాయి.

దసరాకు ఆడబిడ్డ మళ్లా వచ్చి, ఆ రాళ్ల ముందర నోరు తెరిచింది. “అబ్బ, ఎంత ముద్దుగుందే! యాడిది? మా ఇంటికొక పిలక ఇయ్యమ్మే.”

“గడ్డేగదా వదినా. ఎమ్మిగనూరులో గడ్డికి కరువా?”

మీ తాత నవ్వబోయినాడు. నేను చూసిన చూపుకు నోట్లో బీడీ ఆరిపోయింది. ఆమె బస్సెక్కేదాకా అడిగింది. ఇయ్యలే.

నీకైతే గంపెడు ఇస్తా తల్లీ. నీ చెయ్యి బండమీద పెట్టినా చిగురెయ్యాల. మీ ఆయన నీ దిక్కున నిలబడి మాట్లాడాల. మాట్లాడలేదనుకో, నాకొక్క మాట సెప్పు, ఈ మోకాళ్లతోనే నడిచొచ్చి వాణ్ణి…