పాతబడాల్సిన బట్టీ

సుంకులమ్మ అని బొరుగులు వేయించి అమ్ముకునే ఆమె ఉండె. మొగుడి పేరు ఉరుకుందు. ఇంటి వెనకాల రేకుల కింద మట్టి బట్టీ, దాని మీద ఇసుక మూకుడు, కింద ఊక, ఊక దొరకని నాడు పాత టైరు ముక్కలు. ఇంగ పొగ ఎట్లుంటాదో మీరే అనుకోండి. ఆ పొగ మింగీ మింగీ ఉరుకుందుకు ఊపిరి పట్టేసినాదంట. వాకిలి దాకా పోవాలన్నా గోడ పట్టుకుని నిలబడి నిలబడి పోయేవాడు. డాక్టరు ఏమన్నాడంటే, మందుల కంటే ముందు పొగ మానిపించమ్మా, లేకుంటే మనిషి దక్కడు అన్నాడంట. పొగ మానాలంటే బట్టీ మానాల, బట్టీ మానితే కూడు మానాల. ఆమె ఏం చేస్తాది చెప్పు?

అట్లుండగా ఏమైందంటే, పొగబట్టీలు తీసేసి ఎండతో నడిచే వేయించే మిషను పెట్టుకునేవాళ్లకు సర్కారు సాయం చేస్తాదని ఊర్లో చెప్పినారు. సుంకులమ్మ పేరు రాయించింది. సోమవారం ఆఫీసరొచ్చి చూస్తాడు, ఇంట్లోనే ఉండు అని కబురొచ్చింది. ఆమె ఏమనుకునిందంటే, ఆయన వస్తే మిషనూ వెంట వస్తాదనుకునింది పాపం. మనలో ఒక మాట ఉంది కదా, ఒక కప్పు కింద రెండు పొయ్యిలు నిలబడితే ఇంట్లో మనిషి తగ్గుతాడని. ఆమె అత్త చచ్చేదాకా అదే చెప్పేదంట. పాత బట్టీ ఉండంగానే కొత్త మిషను అదే రేకుల కిందికి వస్తే రెండు పొయ్యిలే కదా. మామూలుగా అయితే ఆ మాట తోసేసేదేమో గానీ, మొగుడు పక్కనే ఆయాసపడతా ఉంటే ఎట్ల తోసేస్తాది? ఆదివారం పొద్దున్నే బట్టీకి పసుపు కుంకుమ పెట్టి, పాలు చిలకరించి, ఇన్నేండ్లు కూడు పెట్టినావు, ఇంగ పో తల్లీ అని మొక్కి, గడ్డపారతో తానే పగలగొట్టింది. ఆ మట్టిని వంక నీళ్లలో కలిపి, ఆ జాగా పేడతో అలికి ముగ్గేసింది.

ఆఫీసరు వచ్చినాడు. మంచోడేనంట, కసురుకోలేదు. ముగ్గు చూసినాడు, చుట్టూ చూసినాడు.

"బట్టీ ఏదమ్మా?"

"తీసేసినాను సార్, మీరు కొత్తది తెస్తారని."

"పొగొచ్చే బట్టీ ఉంటేనే కదమ్మా దాని బదులు ఇచ్చేది. లేనిదానికి ఏమని రాయాల?"

ఆమె అత్త చెప్పిన మాట చెప్పింది. ఆయన అంతా విని, అది రాసేదానికి మాకు దారి లేదమ్మా అని పోయినాడంట.

ఇంగ చూడు, మళ్లీ బట్టీ కట్టాల్సి వచ్చింది. కూటికీ అదే, ఆఫీసరుకు చూపించేదానికీ అదే. మంట లోపలికి లాగేట్టు బట్టీకి గొంతు కట్టేది ఉరుకుందుకే తెలుసు. వద్దంటే వినలేదు, కూర్చునే మట్టి మెత్తినాడు. నా పొగకు నేనే గూడు కడతాండా మేయ్ అని నవ్వినాడంట, ఆ నవ్వు దగ్గులో కలిసిపాయె. పొగ బాగా లేచినాక ఆమె ఆఫీసుకు పోయి బతిమాలి ఆయన్ను తీసకచ్చింది. ఆయన బట్టీ గోడ మీద చెయ్యి పెట్టి చూసినాడు.

"ఇది కొత్తదమ్మా. మూడేండ్లు నడిచిన వాటికే ఇస్తారు. లేకుంటే సాయం కోసరమే జనాలు బట్టీలు కట్టరా?"

పాతదాన్ని పగలగొట్టిన చెయ్యి సుంకులమ్మదే కదా. మర్నాడు మళ్లీ ఊక ఎత్తుకుంది.

ఇప్పటికీ అంతే. ఆ బట్టీ పాతబడాలని దినామూ పొగబెడతాంది. ఉరుకుందును వాకిట్లో మంచం మీద పండబెట్టి, గాలి ఎటు తిరిగితే మంచం అటు తిప్పుతాందంట. బట్టీకి వయసు రావాలని మొక్కాలో, ఆయప్పకు ఆయుసు మిగలాలని మొక్కాలో తెలీక, గుడికి పోయి ఊరికే నిలబడి వస్తాదంట. సర్కారు సాయం మంచిదేనప్పా, నేను కాదనను. కాకుంటే అది బట్టీకి ఎన్నేండ్లని అడుగుతాది గానీ, మనిషికి ఇంకెన్నేండ్లని అడగదు.