గుట్ట కింది కంచె

కోట్‌పల్లి దారిలో గుట్ట కింద ఉన్న తోట ఇంటికి ఆ ఆదివారం యజమాని హైదరాబాద్ నుంచి వచ్చాడు. గడ్డి కోస్తున్న కాపలామనిషి బీరమ్మను పిలిచాడు.

“కంచె పొడుగునా వెదురు పెట్టిద్దాం బీరమ్మా. బయటికి ఇల్లు కనిపించొద్దు.”

“వెదురు వద్దు సారూ. ఎండకాలం దాని ఆకంత రాలి కుప్పలు పడ్తది. గుట్ట మీద గడ్డి అంటుకుంటే మంట సీదా గీడికే వస్తది.”

“ఊరికే భయపడ్తవ్. పోయినేడు కంచె కాలింది, అంతే కదా?”

“అంతేనా సారూ? నేను, నా బిడ్డ తడి గోనెసంచులతోని కొట్టి కొట్టి ఆర్పినం. మీకు ఫోన్ చేస్తే మీటింగ్‌ల ఉన్నన్నరు.”

“సరే, మరి ఏం పెట్టాలంటవ్?”

“కలబంద పెడ్దం. ఆకు నిండ నీళ్లుంటయి, జల్ది అంటుకోదు. దాని ముంగట రెండు గజాలు గడ్డి లేకుండ చెక్కి పెడ్త.”

“కలబంద ఏం బాగుంటది? వెదురుకు చెప్పేసిన. రేపు బండి వస్తది.”

“అయితే ఒక్క పని చెయ్యుండ్రి. ఎండకాలం రెండు నెలలు మీరు మేముండే గా కంచె పక్క గదిల పండుకోండ్రి. మేము మీ ఇంట్ల పండుకుంటం.”

యజమాని ఆ గది వైపు చూశాడు. వెనక గోడ ఇంకా నల్లగానే ఉంది. ఫోన్ తీసి నర్సరీకి కలిపాడు.

“వెదురు పంపకండి. కలబంద ఎన్ని మొక్కలున్నయ్?”

“గుట్ట మీది మంట గీడికొస్తదని మూడేండ్ల సంది చెప్తున్న,” అంటూ బీరమ్మ విసురుగా కొడవలి అందుకుంది.