రొట్టెలు తిన్న చిరుత

పిల్లలూ, మీరు ఎల్లమాస చూడలేదు కాబట్టి ప్రభులింగ్ చిరుత సంగతి కూడా విని ఉండరు. ఎల్లమాస అంటే చలికాలం సెలవుల్లో వచ్చే అమావాస్య. ఆ రోజు నారాయణఖేడ్ చుట్టుపక్కల వాళ్లు సజ్జరొట్టెలూ, ఆకుకూరలూ గింజలూ కలిపి వండిన భజ్జికూరా గంపలో పెట్టుకుని చేనుకు పోతారు. ముందు చేను చుట్టూ తిరిగి కొంత చల్లుతారు, ఆ తర్వాతే తాము తింటారు. ఇది గుర్తుంచుకోండి, పనికొస్తుంది.

ప్రభులింగ్ చేను గుట్ట మీద ఉంది. పక్క చేను ఆయన దోస్తు వీరప్పది. వీరప్పకు రెండు కుక్కలు, మోతి, బాద్షా. ఎవరు గుట్టెక్కినా అవి వెంట ఉండాల్సిందే. చిక్కు అక్కడే వచ్చింది. హైదరాబాదు నుంచి సెలవులకు వచ్చిన ప్రభులింగ్ మనవరాలు నేహకు కుక్కంటే చచ్చేంత భయం. వాళ్ల గల్లీలో ఒకటి వెంటపడి తరిమిందట. "రేపు గుట్టకు నేను రాను" అని ఎల్లమాస ముందురోజు పొద్దున్నే చెప్పేసింది. ఏడాదికొకసారి వచ్చే పిల్లకు పండిన చేను చూపిద్దామని ప్రభులింగ్ కంది కోత కూడా ఆపి పెట్టుకున్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆయనకు అన్నం సయించలేదు.

అందుకే సాయంత్రం నేహను బస్ డిపో పక్కన మణెమ్మ చాయ్ బండి దగ్గరికి తీసుకొచ్చి, బెంచీ మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. భయానికి ఆయనకు తెలిసిన మందు ఒక్కటే, మాటలు. ఎదురుగా వీరప్ప సాసర్లో చాయ్ పోసుకుని ఊదుకుంటున్నాడు.

"పోయిన ఎల్లమాసకు గా రెండు కుక్కలను గుట్టకు తోలుకపోయింది ఎవరనుకున్నవ్ బిడ్డా? నేనే. తాడు లేదు, కట్టె లేదు. నెత్తిన గంప, నా ఎన్క అవి. అటు జరగలే, ఇటు జరగలే."

"గదైతే నిజమే," అన్నది మణెమ్మ చాయ్ వడపోస్తూ. "నేను గూడ చూసిన."

ఆ ఒక్క మాటతో ప్రభులింగ్‌కు ఊపొచ్చింది.

"గుట్ట కాడికి పోయేసరికి మంచు దిగింది. ఎసొంటి మంచనుకున్నరు, తువ్వాల తీసి గాలిల ఆరేస్తే కింద పడలే, మంచు మీదనే ఆగింది. బాద్షాకు దురద వెడితే గా మంచుకే ఒళ్లు ఆనిచ్చి రాసుకుంది."

"తువ్వాల మళ్ల దొరికిందా?" అన్నాడు వీరప్ప.

"ఎండెక్కినంక అదే నా భుజం మీదికి దిగింది."

నేహ నవ్వింది. అక్కడ ఆపి ఉంటే సరిపోయేది. కానీ ప్రభులింగ్ ఎక్కడ ఆపాలో ఎన్నడూ నేర్చుకోలేదు.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? చిరుత. తుప్ప మీద, నల్లగ, దూడంత ఉన్నది."

"చిరుత నల్లగా ఉంటుందా అజ్జా?" అంది నేహ. వాళ్లది కన్నడం మాట్లాడే ఇల్లు, తాతను అజ్జా అనే పిలుస్తారు.

"గుట్ట మీదివి గట్లనే ఉంటయ్ బిడ్డా, ఎండకు మాడి. నేను ఉరికిన్నా? ఉరకలే. 'కూసో' అన్న. మోతి కూసున్నది, బాద్షా కూసున్నది, నా మాట మీద చిరుత గూడ కూసున్నది. ఇగ బాద్షా నోరు తెరిస్తే గా పండ్లు పండ్లా, నాగలి కర్రులు. ఒక్కసారి మొరిగితే కంగ్టి ఊరి దాంక ఇండ్ల మీది రేకులు మోగినయ్. గా సప్పుడుకు తోడేండ్లొచ్చినయ్, అడవిపందులొచ్చినయ్, అన్ని తలకాయలు వంచుకోని వరుసల నిలవడ్డయ్. గీ డిపో ముంగట్నుంచే తోలుకొచ్చిన. కండక్టర్ టికెట్ అడిగితే పాపం చిరుత నా మొఖం చూసింది."

"నా బండి ఈడనే ఉండె," అన్నది మణెమ్మ. "నాకేం కనవడలే."

"మంచు ఉండె గద మణెమ్మా."

అందరూ నవ్వారు, నేహ తప్ప. ఆ పిల్ల కాళ్లు రెండూ బెంచీ మీదికి లాక్కుని మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుంది.

"చిరుతే భయపడిన కుక్క దగ్గరికి నేనెట్లా వస్తా అజ్జా? నేను ఇంట్లోనే ఉంటా."

ప్రభులింగ్ గ్లాసు నోటి దాకా పోయి ఆగింది. పాపం, వీరప్ప వైపు చూశాడు.

"నేను చెప్పాల్నా, నువ్వే చెప్తవా?" అన్నాడు వీరప్ప.

"నువ్వు చెప్తె నాకేం మిగుల్తదిరా," అని గొణిగాడు కానీ వద్దనలేదు.

వీరప్ప సాసరు కింద పెట్టాడు. "ఇను బిడ్డా. గా పొద్దు కందిచేన్ల పందులు పడ్డయని నేను తెల్లారకముందే గుట్టకు పోయిన. కుక్కలను తోలుకరమ్మని మీ అజ్జకు చెప్పిన. నా గొంగడి మంచుకు తడిస్తె తుప్ప మీద ఆరేసిన. నల్ల గొంగడి. చలికాలం గా కుక్కలు పండేదే దాని మీద. అందుకే చూడంగనే పోయి పక్కన కూసున్నయ్. మీ అజ్జ మాత్రం దాన్ని చిరుతనుకోని బండ ఎక్కిండు. కడుపు నిండితే మనిషి జోలికి రాదని గంపల రొట్టెలు ఒక్కొక్కటి గొంగడికి ఇసిరిండు."

"గొంగడి తిన్నదా?"

"కుక్కలు తిన్నయ్. నేను పోయేసరికి మీ అజ్జ ఖాళీ గంప నెత్తిన బోర్లించుకోని కూసుండు. చేను చుట్టు చల్లెటందుకు ముక్క లేదు. మా గంపల నుంచి ఇచ్చినం."

మణెమ్మ నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ప్రభులింగ్ గ్లాసులోకి చూస్తూ, "గొంగడి గూడ చిన్నదేం గాదు," అన్నాడు మెల్లగా.

నేహ కాళ్లు ఒకటొకటిగా కిందికి దిగాయి. "రొట్టెలు తిన్నాక కుక్కలు ఏం చేశాయి?"

"ఏం జేస్తయ్. గొంగడిని ఇడిసి మీ అజ్జ ఉన్న బండ కిందికొచ్చి కూసున్నయ్. ఆయన దిగేదాంక కదలలే."

పిల్ల బెంచీ దిగి అజ్జ ముందు నిలబడింది. "అయితే రేపు గంప నేను పట్టుకుంటా. గొంగడి కనబడితే అజ్జ నా వెనక నిలబడాలి."

మరునాడు గుట్టకు పోతుంటే ముందు గంపతో నేహ, వెనక మోతి, బాద్షా, అందరికన్నా వెనక ప్రభులింగ్. వరుస మాత్రం ఆయన చెప్పినట్టే ఉంది.

పిల్లలూ, తెలియని వీధికుక్క దగ్గరికి పోకండి, అది వేరే సంగతి. కానీ ఈ కథ నలుగురికీ చెప్పండి. మంచును ఎంత చిక్కగానైనా చేసుకోండి, ఇంకో రెండు చిరుతల్ని కలుపుకోండి. గొంగడి మాట మాత్రం వదలకండి. వినేవాళ్లలో కాళ్లు బెంచీ మీదికి లాక్కున్న పిల్ల ఎవరైనా ఉండొచ్చు.