కావద్దు, అవ్వద్దు, అమ్మద్దు

లే నర్మదా. ఆ పుస్తకాల కట్ట మీదికెల్లి లే ముందు. మంచి చీర కట్టుకొని, జడల పూలు పెట్టుకొని, స్టేజి ఎనక రూముల గడియ పెట్టుకొని కూసునుడేందమ్మా? బయట కుర్చీలన్ని నిండినయ్. చిక్కడపల్లిల రచయితల మీటింగుకు కుర్చీలు నిండుడంటే మాటలా? ఎన్ని ఆదివారాలు మేమే పన్నెండు మందిమి ఒకరికొకరం చప్పట్లు కొట్టుకొని ఇంటికి పోలే!

ఏంది, రానంటవా? ఎందుకు రావ్?

ఒక్క మాట కోసమా? ఒక్క మాట!

నూట నలభై పేజీల పుస్తకం, పదకొండు కథలు. దాంట్ల ఒక్క మాట అటుఇటైతే ఇంత పరేషాన్ అయితరా ఎవరన్న? అచ్చుతప్పు లేని తెలుగు పుస్తకం నువ్వు చూసినవా, నాకు చూపియ్యి జర. నా కవితల పుస్తకం మీద నా పేరే ‘మనోరమ’కు బదులు ‘మనోరయ’ అని పడ్డది తెలుసా? అట్ట మీద! నేను ఏడ్చిన్నా?

ఏడ్చిన. సరే, ఏడ్చిన. రెండు రోజులు. మూడో రోజు తప్పొప్పుల పట్టిక అచ్చేపిచ్చి, అందరం కూసొని గమ్ము రాసి అతికిచ్చినం. నీ పుస్తకానికి కూడ గదే చేద్దాం. నేనే అతికిస్త, నా చేతులతోటి, ప్రతి కాపీకి. ఇంకేం గావాలె?

మల్ల ఎందుకు తెరుస్తున్నవ్ దాన్ని? ఎన్నిసార్లు చదివితే మాత్రం అక్షరం మారతదా?

‘నా బిడ్డ నా లెక్క అమ్మద్దు అని మా అమ్మ మొక్కని దేవుడు లేడు.’

ఆఁ, విన్న. నా చెవులు మంచిగనే ఉన్నయ్. నువ్వు రాసింది ‘నా బిడ్డ నా లెక్క కావద్దు అని మా అవ్వ మొక్కని దేవుడు లేడు’ అని. నాకు తెల్వదా? నీ నోటుబుక్కుల ఆ వాక్యం కింద గీత గీసి ‘చాలా బాగుంది’ అని రాసిందే నేను.

జర మెల్లగ మాట్లాడు. ఈ గోడలు అట్టముక్కల లెక్క ఉంటయ్, హాలంత వినబడ్తది.

అరే, మీ అవ్వను ఎవరు ఏమంటరే? ఏమమ్మింది అని అడుగుతరా? ఎవరడుగుతరు? కవాడిగూడల మీ గల్లీ వాళ్ళా? కూలి అడ్డా మీద ఆమె తోటి నిలబడే ఆడోళ్ళా? వాళ్ళంత ఇయ్యాల కూలి ఇడిసిపెట్టి నీ కోసమే వచ్చిన్రు. చూసిన, రెండో వరుసంత వాళ్ళే. ఎల్లవ్వ అయితే చెప్పులు బయట ఇడిసి మరీ లోపలికి వచ్చింది, గుడి అనుకున్నట్టున్నది.

ఊఁ. అంటరు. నువ్వన్నది నిజమే, అంటరు. పొద్దున అడ్డా మీద నిలబడి, ఎవడు పిలిస్తే వాని ఎంట పనికి పోయే ఆడమనిషి. ‘నా బిడ్డ నా లెక్క అమ్మద్దు’ అంటే జనం మనసు ఎటు పోతదో నువ్వు నాకు చెప్పాల్నా? అరవై నాలుగేండ్ల దాన్ని.

మొదటి పేజీ చదవకుంట ఆపుమంటవా? అట్లెట్ల ఆపుతం నర్మదా! మన రెండో ఆదివారం కూటమి పద్ధతే అది గద. ఇరవై ఆరేండ్ల సంది నడుస్తున్నది. మనం రిబ్బను కట్ చెయ్యం, పుస్తకం మొకానికి అడ్డం పెట్టుకొని ఫొటోలు దిగం. రాసినోళ్ళ ఇంటోళ్ళను మొదటి వరుసల కూసోబెట్టి, వాళ్ళు వినంగ మొదటి పేజీ మైకుల చదువుతం. అప్పుడే పుస్తకం పుట్టినట్టు. కొందరి ఇంట్ల రాసుడంటే పని లేని పని. ఆ మొదటి పేజీ విన్న రోజే వాళ్ళకు తెలుస్తది మా పిల్ల ఇన్ని రోజులు ఏం చేస్తుండెనో అని. ఆ మాట నీకు చెప్తే నువ్వు కండ్లల్ల నీళ్ళు పెట్టుకోలే? మా అవ్వకు చదువు రాదు టీచర్, ఆమె నా కథ వినాలంటే గదొక్కటే దారి అన్లే?

మల్ల ఇప్పుడు ఆపుమంటే ఎట్ల?

సాగర్ గాడే బిడ్డా. నారాయణగూడ గల్లీల కంప్యూటర్ పెట్టుకొని కూసుంటడు చూడు, వాడే. పెండ్లి కార్డులు, కరపత్రాలు, మన పుస్తకాలు, అన్నీ ఒక్క చేత్తోటే చేస్తడు. ధ్యాస ఉండది. ఎన్నిసార్లు చెప్పిన, ఒక్కొక్క మాట చూసి చెయ్యిరా అని...

ఫోన్ చేసినవా? ఎప్పుడు? ఇప్పుడా, ఈ రూముల కూసొనా?

ఏమన్నడు?

టీచర్ చెప్తెనే చేసిన అన్నడా.

సరే. కొంచెం జరుగు, నేను కూడ ఆ కట్ట మీద కూసుంట.

వాడు అబద్ధం చెప్పలే. నేనే చెప్పిన. పూర్తిగ ఇను, కోపం తర్వాత చేద్దువు. నీ కథలల్ల ‘కావాలె’, ‘కావద్దు’, ‘కాలే’ అన్నీ ముందు నేనే మార్చిన. అవ్వాలి, అవ్వద్దు, అవ్వలేదు అని రాసిన. ఎందుకంటే ఈ పుస్తకం పోటీలకు పంపుతం గద, జడ్జీలు ఎక్కడెక్కడోళ్ళో ఉంటరు. పాలమూరు కెల్లి వచ్చిన కూలోళ్ళ బిడ్డ, భాష మోటుగ ఉన్నది అని పక్కన పడేస్తరేమో అని నా భయం. నీ మంచికే అనుకున్న.

నెల రోజులైనంక ప్రూఫులు దిద్దుతుంటే ‘అవ్వ’ కాడ ఆగిన. మనకు అవ్వ అంటే తల్లి. అటు దిక్కు వాళ్ళకు అవ్వ అంటే ముసలామె, నాయనమ్మ. కథంత ఉల్టా అర్థం చేసుకుంటరు గద? సాగర్‌కు ఫోన్ చేసి, ‘అవ్వ ఉన్న కాడల్ల అమ్మ పెట్టు’ అన్న. ఒక్కొక్కటి చూసి మారుస్తడనుకున్న. వాడు కంప్యూటర్‌కు చెప్పి ఒక్క బటన్ ఒత్తిండు. దానికేం తెలుసు, తల్లేందో, క్రియేందో! అవ్వ ఉన్న కాడల్ల మార్చుకుంట పోయింది. ‘అవ్వద్దు’ల కూడ అవ్వ ఉన్నది గద. అది అమ్మద్దు అయి కూసున్నది.

ఆఁ, అవును. నువ్వు రాసిన కావద్దును నేను ముట్టకపోతే ఆ బటన్ ఏం చేసేది కాదు. అవును. రెండుసార్లు దిద్దితేనే గిట్ల అయింది.

నలభై రెండో పేజీలనా? చదువు. ‘మేస్త్రీ వచ్చి ఇల్లు ఇంకా అమ్మలేదు అన్నడు.’ ఇల్లు ఇంకా కాలే అని రాసినవ్ నువ్వు. నవ్వొస్తున్నదా? రాదులే. నాకూ రాలే.

కానీ ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యకు. నిన్ను ముందు పట్టించుకున్నది ఎవరు? అశోక్‌నగర్ స్టడీ హాల్ల రిజిస్టర్ కాడ కూసొని, గ్రూప్స్ రాసే పిల్లలు పడేసిన ప్రశ్నపత్రాల ఎనక కథలు రాసుకునేదానివి. ఎవరన్న చదివిన్రా? మన మీటింగుకు భయపడుకుంట వచ్చి ఆఖరి కుర్చీల కూసున్ననాడు, నీ చేతుల కాయితాలు గుంజుకొని మైకుల చదివింది ఎవరు? ఆ రోజు హాలంత సప్పుడు లేకుంట విన్నది. వీరరాఘవరావు గారు అధ్యక్షులు, ఎవరినీ తొందరగ మెచ్చుకోరు, ఆయన లేచి నీ కాడికి నడిచి వచ్చిండు. ఈ ఏడు మన కూటమి ఏసే పుస్తకం నర్మదది అని అందరం ఒక్క మాట మీద అనుకున్నం. ఒక్కొక్కరు పది కాపీలు తీసుకొని వాళ్ళ వాళ్ళ అపార్ట్‌మెంట్లల్ల తలుపులు కొట్టి ఇస్తరు. సేల్స్‌మెన్ల లెక్క! ఎవరు చేస్తరు బిడ్డా ఇట్ల, ఇంకో మనిషి పుస్తకానికి?

మైకుల నువ్వు చదివింది నా మాటలనే గద, అంటున్నవా.

ఆ రోజు దిద్దకుంటనే చదివిన. నిజమే.

నాకు ఈ దిద్దుడు ఎప్పటి సంది అలవాటైందో తెలుసా? నేను కూడ అవ్వా అనేదాన్నే. నారాయణగూడ బడిల ఆరో తరగతి. ‘మా అవ్వ అన్నం డబ్బ తెచ్చింది’ అన్న. క్లాసంత నవ్విన్రు. మీ ముసల్ది తెచ్చిందా అని ఎక్కిరిచ్చిన్రు. సాయంత్రం ఇంటికి పోయి ‘అమ్మా’ అని పిలిచిన. ఆమె బియ్యం చెరుగుతున్నది, తల ఎత్తలే. మల్ల పిలిచిన. పక్కింటోళ్ళను ఎవర్నో పిలుస్తున్న అనుకున్నదట. మెల్లగ ఆమె కూడ అలవాటు పడ్డది. ఆమె పోయేదాక అమ్మా అనే పిలిచిన. మంచిగ మాట్లాడుడు నేర్చుకున్న అనుకున్న గని, ఆమెకు ఎట్లుండెనో ఒక్కనాడు అడగలే.

వస్తున్నం సార్! రెండే నిమిషాలు! పిల్ల చీర సర్దుకుంటున్నది!

విన్నవ్ గద, ముఖ్య అతిథి కూడ వచ్చేసిండట. లే నర్మదా, ఇను. మీ అవ్వ ఆ మాట వింటదనే గద నీ భయం? వినది. ఈసారి మొదటి పేజీ చదివేది వీరరాఘవరావు సార్ కాదు, నేను. నేను ‘కావద్దు’ అనే చదువుత. ‘మా అవ్వ’ అనే చదువుత. నువ్వు రాసింది రాసినట్టు, ఒక్క అక్షరం పోకుంట. మీ అవ్వ రామమ్మ వింటది, మురిసిపోతది, అందరం చప్పట్లు కొడ్తం. రేపు పొద్దుగాల్నే కూసొని పట్టిక అతికిద్దాం. ఇయ్యాల ఒక్క పూట గడవనియ్యి.

ఏంది?

ఎప్పుడూ సారే గద చదివేది... ఆఁ, సారే చదువుతరు. ఈసారి నేను అడిగిన. ఆయనకు గొంతు బాగలేదు.

బాగలేదే! ఇప్పుడు పిలిచిండు, హాలంత వినబడ్డదంటవా. గొంతు బాగలేకున్నా ఆయనకు గట్లనే ఉంటది.

ఎప్పుడు అడిగిన అంటే? గుర్తు లేదు బిడ్డా. ఈ వారమే.

బుధవారం. ఆ కార్యక్రమం కాయితం మీద సార్ పేరు కొట్టేసి నా పేరు రాసి తారీఖు ఏసినట్టున్న, నా చేతిరాతే. చదివినవ్ గద, ఇంక నన్నెందుకు అడుగుడు?

అట్ల చూడకు నర్మదా.

కట్టలు మంగళవారం వచ్చినయ్, మా ఇంటికే. తాడు తెంపి ముందు ఒక పుస్తకం తీసి వాసన చూసిన. ప్రతి పుస్తకానికి చూస్త, నాకదొక పిచ్చి. తర్వాత మొదటి పేజీ తీసిన. చదివిన. అట్లనే నేల మీద కూసున్న. ఐదు రోజులుండె చేతుల. తప్పు పడ్డ పేజీలు మల్ల అచ్చేపియ్యొచ్చు. ఏం లేకున్నా నీకొక ఫోన్ చెయ్యొచ్చు.

ఫోన్ చేతులకు తీసుకున్న. నీ పేరు దాక పోయిన. చెప్తే ఏమైతది? నువ్వు సార్‌కు చెప్తవ్, సార్ అందరి ముంగట అడుగుతరు. ఇన్నేండ్లల్ల ఎన్ని పుస్తకాలు దిద్దిన్నో, ఎవరన్న తప్పు చూపిచ్చిన్రా? ‘మనోరమ టీచర్ చూసిందంటే ఇంక చూడనక్కర లేదు’ అంటరు కూటమిల. నాకున్నది గా ఒక్క మాటే. మొగుడు లేడు, నౌకరి అయిపోయింది. రెండో ఆదివారం వస్తే టీచర్ వచ్చింది అని కుర్చీ జరుపుతరు చూడు, దాని కోసమే నెలంత ఉంటున్న.

అప్పుడు మీ అవ్వ యాదికొచ్చింది. పోయిన నెల మా ఇంటికి వచ్చి, నీ పుస్తకం అట్ట బొమ్మ చూపిస్తే తలకిందులుగ పట్టుకొని, మంచిగున్నది టీచరమ్మా అన్నది చూడు. గది యాదికొచ్చింది.

రామమ్మకు చదువు రాదు గద, అనుకున్న.

గంతే. ఆమె చదవదు, మైకుల నేను మార్చి చదువుత, ఇంకెవరు చూస్తరు అనుకున్న. ఫోన్ పక్కకు పెట్టి లేచి అన్నం తిన్న.

ఐదు రోజులు మంచిగనే నిద్ర పట్టింది బిడ్డా.